చేత్తో కట్టిన గేలపు రాడ్డుకు పై పూత: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో సొంతంగా గేలపు రాడ్లు కట్టుకునేవాళ్లు కొద్దిమందే. అయినా అందరికీ దెబ్బ తగిలే చోటు ఒకటే. పది రోజులు కూర్చుని రాడ్డు మీద రంగు దారం పోగు పక్కన పోగు పేర్చి, మెలికల ముగ్గులాంటి అల్లిక తీస్తారు. ఆఖరి రాత్రి పై పూత వేసి పడుకుంటారు. తెల్లారి చూస్తే అల్లిక మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర. అప్పుడు నాకు ఫోను వస్తుంది. ఏళ్ల తరబడి అవే సందేహాలు, అవే తప్పులు. వాటిలో చాలా నేనూ చేసి నేర్చుకున్నవే. వీడియోల్లో చెప్పే సమయాలు చాలావరకు చలి దేశాల గదులవి. మన సముద్రపు గాలిలో అవి ఉన్నవి ఉన్నట్టు పనిచెయ్యవు. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గర ఆగినా దాని జవాబు అక్కడే పూర్తిగా దొరుకుతుంది.

## పని మొదలుపెట్టక ముందు

దారం గట్టిగానే చుట్టాను కదా, దాని మీద మళ్లీ పూత ఎందుకు?

గైడును, అంటే గేలపు తీగ దూరి వెళ్లే ఉంగరాన్ని, దాని పాదం మీదుగా చుట్టి రాడ్డుకు పట్టి ఉంచేది ఆ దారమే. పూత లేకపోతే దారంలోకి ఉప్పునీరు దిగుతుంది. నీరు ఆరిపోతుంది గానీ ఉప్పు ఉండిపోతుంది. గైడు పాదం దగ్గర తుప్పు అక్కడే మొదలవుతుంది. రాడ్డును బోటు అంచుకు ఆనించినా, రుషికొండ రాళ్ల మీద పెట్టినా ముందు లేచేది ఆ పోగులే. అలంకారపు అల్లికకైతే ఇంకో లాభం ఉంది. పూత పడ్డాకే రంగుకు లోతు వస్తుంది, మెటాలిక్ పోగు మీద వెలుగు పడి కదులుతుంది. పూత లేని అల్లిక ఎంత బాగున్నా సగం పని కిందే లెక్క.

అరాల్డైట్ రాసేస్తే సరిపోదా అన్నా?

రీల్ సీటు, పిడి అతికించడానికి వాడుకోండి. పై పూతకు వద్దు. జిగురుగా తయారైన ఎపాక్సీ చిక్కగా ఉంటుంది, తనంతట తాను సర్దుకోదు, బ్రష్ గీతలు అలాగే నిలిచిపోతాయి. ఎండకు త్వరగా పసుపెక్కుతుంది. త్వరగా గట్టిపడే రకమైతే ఒక గైడు పూర్తయ్యేలోపే గడ్డకడుతుంది.

రెజిన్ ఆర్ట్‌కి తెచ్చిన రెజిన్ ఇంట్లో మిగిలింది. అది వాడొచ్చా?

అది బల్ల మీద, అచ్చుల్లో పోయడానికి చేసింది. పలుచగా ఉంటుంది, గట్టిపడడానికి చాలాసేపు తీసుకుంటుంది, ఈలోగా రాడ్డు మీద నుంచి జారిపోతుంది. కొన్ని రకాలు ఆరాక గాజులా పెళుసుగా ఉంటాయి. రాడ్డు విసిరిన ప్రతిసారీ వంగుతుంది కాబట్టి పూత కూడా దానితో పాటు వంగాలి. పనికిరాని ముక్క మీద వేసి, వారం ఆగి, వంచి చూడండి. అక్కడే తెలిసిపోతుంది.

ఎపాక్సీ, పాలియురెథేన్, వార్నిష్... ఈ మూడింట్లో నాకు ఏది?

మొదటిసారి చేస్తుంటే రాడ్ల కోసమే తయారైన రెండు భాగాల ఎపాక్సీ (రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్) తీసుకోండి. ఫ్లెక్స్ కోట్, థ్రెడ్‌మాస్టర్ లాంటివి ఈ జాతివే. రెండు పూతలతోనే మందం వస్తుంది, అల్లిక గాజు కింద పెట్టినట్టు కనిపిస్తుంది, వంగినా తట్టుకుంటుంది. దీనికున్న బలహీనత ఎండ. ఏళ్ల మీద పసుపు తిరుగుతుంది.

గాలిలో తడిని పీల్చుకుని గట్టిపడే ఒక భాగం యురెథేన్ ఇంకో దారి. పర్మాగ్లాస్ ఆ రకం. పొర చాలా పలుచగా వస్తుంది, తేలికపాటి రాడ్లకు బాగుంటుంది, గీతలు పడడం తక్కువ. అయితే దాన్ని గట్టిపరిచేదే తేమ. మన ఊళ్లో సీసా మూత తీసి ఉంచితే కొద్ది రోజుల్లోనే జిగటగా మారి చివరికి జెల్లీ అయిపోతుంది. ఒకసారికి సరిపడేంత చిన్న సీసాల్లోకి నిండుగా వంచి దాచుకోవాలి. ఒకేసారి మందంగా వేస్తే లోపల గ్యాసు పుట్టి బుడగలు తేలతాయి.

కార్లకు కొట్టే రెండు భాగాల క్లియర్ (రంగు లేని పై పూత) ఎండకు ఎపాక్సీ కంటే బాగా నిలుస్తుంది. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు పడకపోతే ఉబ్బసం పట్టుకుంటుంది. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దాన్ని ఆపవు. ఇంట్లో స్ప్రే చేయవద్దని నా గట్టి మాట.

వార్నిష్ పాత పద్ధతి. వెదురు రాడ్లకు ఇప్పటికీ అందమే. కానీ ఆరేడు పలుచటి పూతలకు ఓపిక ఉండాలి.

మన ఊళ్లో పూత ఏ నెలలో వెయ్యాలి? వానాకాలంలో అస్సలు వద్దా?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నింటికన్నా సుఖం. వేటనిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లు ఆగిపోయిన 61 రోజుల్లో, బోట్ల మీద వెళ్లే మిత్రులు రాడ్లు బాగుచేయమని తెచ్చిస్తుంటారు. అది ఒళ్లంతా జిడ్డుకారే కాలం, పూతకు కష్టమైన కాలం కూడా. అయినా చెయ్యొచ్చు. వానాకాలంలోనూ చెయ్యొచ్చు. నెల కన్నా గదిని చూసుకోవడం ముఖ్యం.

కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ కొలిచే మీటరు ఒకటి కొనండి. 60 శాతం లోపు ఉంటే నిశ్చింత. 75 దాటితే ఆగండి, లేదా ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి తలుపులు వేసి గదిని రెండు గంటలు ఆరనివ్వండి. ఆగస్టులో 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న రోజు గాలి 25 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు పట్టేస్తుంది. అంటే మూడు డిగ్రీల తేడాయే. సాయంత్రం పూత వేసి కిటికీ తెరిచి పడుకుంటే తెల్లవారుజామున ఆ మూడు డిగ్రీలూ దిగిపోతాయి. అందుకే నేను పొద్దున పది గంటలకు మొదలుపెడతాను. చీకటి పడేసరికి పూత గట్టిపడే దారిలో ఉంటుంది.

## పూతకు ముందు రాడ్డును సిద్ధం చేయడం

ఎపాక్సీ తగలగానే నా పసుపు దారం మట్టి రంగులోకి దిగిపోయింది. ఎందుకు?

మామూలు నైలాన్ దారం ఎపాక్సీని పీల్చుకుని సగం పారదర్శకంగా అయిపోతుంది. కింద ఉన్న నల్లటి కార్బన్ రాడ్డు పైకి కనిపిస్తుంది. పట్టు దారంలో ఇది ఇంకా ఎక్కువ. రంగు ఉన్నట్టే ఉండాలంటే ముందు కలర్ ప్రిజర్వర్ (దారం రంగు కాపాడే ద్రవం) పట్టించాలి, లేదా ఆ పని ముందే చేసి అమ్మే ఎన్‌సీపీ (నో కలర్ ప్రిజర్వర్) దారం కొనాలి. మెటాలిక్ దారానికి ప్రిజర్వర్ అక్కర్లేదు.

ప్రిజర్వర్ చాలావరకు నీటితో చేసిన అక్రిలిక్. అమెరికా వీడియోలో రెండు గంటల్లో ఆరిందంటే మన వానాకాలంలో ఒక రోజంతా ఆగండి. పైకి ఆరినట్టే ఉంటుంది, పోగుల అడుగున తడి మిగులుతుంది. దాని మీద ఎపాక్సీ వేస్తే ఆ తడి ఎటూ పోలేక లోపలే మబ్బుగా నిలిచిపోతుంది. ముదురు రంగు దారాన్ని కొందరు కావాలనే ప్రిజర్వర్ లేకుండా వదిలేస్తారు, ఆ లోతు బాగుంటుందని. నాకూ ముదురు నీలం అలాగే ఇష్టం.

రాడ్డు మీద పేరు తెలుగులో రాయించుకున్నాను. పూత వేస్తే అక్షరాలు చెరిగిపోతాయా?

పెన్నులోని సిరాను బట్టి ఉంటుంది. కొన్ని సిరాలు ఎపాక్సీలో కరిగి అంచులు పాకుతాయి. తెలుగు అక్షరాల గుడిదీర్ఘాలు, ఒత్తులు సన్నగా ఉంటాయి కాబట్టి కొద్దిగా పాకినా చదవడానికి రాదు. పనికిరాని బ్లాంకు (గైడ్లు, పిడి లేని ఒట్టి రాడ్డు కర్ర) ముక్క మీద అదే పెన్నుతో రెండు అక్షరాలు రాసి, ఒక రోజు ఆరనిచ్చి, అదే పూత వేసి చూడండి. రాడ్డు మీద రాసిన పేరు పైన ముందు చాలా పలుచటి పొర ఒక్కటే వేసి, బ్రష్‌ను అక్షరాల మీద అటూ ఇటూ తిప్పకుండా ఒకే దిశలో లాగి వదిలేయండి. ఆ పొర గట్టిపడ్డాక అసలు పూత వేయొచ్చు.

ఏటికొప్పాక లక్క పనితో పిడి చేయించాను. దాని మీద ఎపాక్సీ పట్టుతుందా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు సంతోషం. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణ పట్టి రంగు లక్క ఎక్కించే పని మన దగ్గరిదే. రీల్ సీటు మధ్యన ఆ ఎరుపూ పసుపూ పట్టీలు కనిపిస్తే రాడ్డు ఎక్కడ పుట్టిందో చెప్పక్కర్లేదు.

జాగ్రత్తలు మాత్రం వేరు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. మిగతా రాడ్డును తుడిచినట్టు ఐసోప్రొపైల్‌తో దీన్ని తుడిస్తే రంగు గుడ్డకు అంటుకుని పట్టీల అంచులు చెదిరిపోతాయి. లక్కలో సహజంగానే కొంత మైనం ఉంటుంది, పైగా మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఆ నున్నటి ముఖం మీద ఎపాక్సీ సరిగా పట్టదు. 600 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెరుపు పోయేంత వరకే, చేత్తో ఒత్తిడి లేకుండా రుద్దండి. తడి గుడ్డతో పొడి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పూత వేశాక బుడగల కోసం మంట దగ్గర పెట్టవద్దు, లక్క వేడికి మెత్తబడుతుంది. పూత వద్దనుకోకండి: పై పొర లేని లక్క మీద నీరు నిలిస్తే తెల్ల మచ్చలు పడతాయి.

నెమలీకలు, పాము చర్మం లాంటివి పూత కింద పెట్టొచ్చా?

రాలిన ఈకల ముక్కలు బాగుంటాయి. ముందు పలుచటి పొర మీద చిన్న పట్టకారుతో పరిచి, గాలి లేకుండా అద్ది, అది గట్టిపడ్డాక పైన ఇంకో రెండు పొరలు. పాము చర్మం జోలికి వెళ్లవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

తుడవడానికి ఏది వాడాలి? థిన్నరా?

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ. థిన్నర్ బ్లాంకు మీది కంపెనీ రంగును, గీసిన గీతలను లాగేస్తుంది. తుడిచాక ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

## కలపడం, వేయడం

కాటా మీద చెరో 3 గ్రాములు తూచి కలిపాను. తప్పా?

సీసా మీద 1:1 అని ఉంటే చాలాసార్లు అది పరిమాణంలో, బరువులో కాదు. రెజిన్ బరువు ఎక్కువ, హార్డెనర్ తేలిక. సమానంగా తూస్తే హార్డెనర్ ఎక్కువ పడుతుంది, పూత మెత్తగా మిగులుతుంది. తయారీదారు బరువు నిష్పత్తి విడిగా ఇస్తే అప్పుడు కాటా నమ్మండి. లేకపోతే సిరంజీలతో చెరో 3 మి.లీ. తీసుకోండి. పని చిన్నదైనా అంతకంటే తగ్గించవద్దు. 1 మి.లీ. దగ్గర ఒక చుక్క తేడా వచ్చినా నిష్పత్తి పాడవుతుంది.

మందుల షాపులో సిరంజీ కొంటే ఏమవుతుంది?

ఇంజెక్షన్ సిరంజీ లోపలి రబ్బరు సాఫీగా జారడానికి సిలికాన్ నూనె పూస్తారు. ఆ కొద్దిపాటి నూనె చాలు పూతను చెడగొట్టడానికి. నా మొదటి నీలం తెలుపు అల్లిక అలాగే పోయింది. బ్రష్ లాగిన చోట పూత రెండు పాయలుగా విడిపోయి, మధ్యలో గుండ్రటి గుంటలు, వాటి అడుగున పొడి దారం. ఎంత రాసినా ఆ గుంటల్లోకి పూత దిగదు, చుట్టూ గట్టులా నిలబడుతుంది. రాడ్ల ఎపాక్సీతో వచ్చే సిరంజీలు, లేదా రబ్బరు లేని ప్లాస్టిక్ పిస్టన్ రకం వాడండి. రెజిన్‌కు ఒకటి, హార్డెనర్‌కు ఒకటి, వాటి మీద మార్కరుతో గుర్తు.

కప్పులో కలిపిన పది నిమిషాలకే వేడెక్కి చిక్కబడిపోతోంది.

ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. లోతైన కప్పులో ఆ వేడి బయటికి పోలేక పని ఇంకా తొందరవుతుంది. దానికి మన మే నెల తోడు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం సుమారు సగానికి పడిపోతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి అల్యూమినియం ఫాయిల్ మీద పలుచగా పోసేయండి. సమయం పెరుగుతుంది, కలిపేటప్పుడు చేరిన బుడగలు కూడా పైకి వచ్చి వాటంతటవే పగిలిపోతాయి. చిక్కబడడం మొదలైన పూతను ఆల్కహాల్ పోసి సాగదీయవద్దు. పడేసి కొత్తది కలపండి.

బుడగలు ఎలా పోగొట్టాలి? లైటరు పెట్టొచ్చా?

బుడగలు ఎక్కువగా దారం లోపలి గాలి నుంచి, గైడు పాదం పక్కన ఉండే చిన్న సొరంగం నుంచి వస్తాయి. మొదటి పొర పలుచగా వేసి కొద్దిగా వేడి తగలనిస్తే అది నీళ్లలా పలచబడి సొరంగంలోకి దిగుతుంది, గాలి బయటికి వస్తుంది. స్పిరిట్ దీపం మంచిది, మసి ఉండదు. కొవ్వొత్తి మసి పూతలో నల్లగా ఇరుక్కుంటుంది. మంటను కింద పెట్టి రాడ్డును తిప్పుతూ ఒక్క క్షణం దాటించండి. ఒకేచోట నిలిపితే పూత మరుగుతుంది, ఒక బుడగ కోసం వంద పుడతాయి. తుడిచే ఆల్కహాల్ సీసా అప్పటికి మూత పెట్టి అవతలి గదిలో ఉండాలి.

ఎన్ని పూతలు వేస్తే చాలు?

గైడ్ల దగ్గర ఒకటి లేదా రెండు పలుచటి పొరలు. చివరి గైడ్ల దగ్గర ఒక్కటే ఇంకా మంచిది, అక్కడ పడే ప్రతి గ్రాము రాడ్డు చురుకును తగ్గిస్తుంది. పిడి పైన ఉండే పెద్ద అల్లికకు, మార్బ్లింగ్‌కు (రంగులు కలిపి పాలరాతి చారల్లా తీసే పని) రెండు మూడు. అల్లిక గరుకు చేతికి తగలకుండా పోయిందంటే చాలు. బ్లాంకు మొత్తానికి పూత వేయడం అనవసరం. దారం అంచు దాటి 1 లేదా 2 మి.మీ. వరకే వెళ్లి ఆపండి. ఆ గీత తిన్నగా రావాలంటే రాడ్డు తిరుగుతుండగా బ్రష్‌ను కదపకుండా అంచున నిలపండి.

తిప్పే మెషిన్ కొనాలా? ఇంట్లో చేసుకోవచ్చా?

పాత మైక్రోవేవ్ ఓవెన్లో పళ్లెం తిప్పే చిన్న మోటారు చాలు. నిమిషానికి 5, 6 చుట్లు తిరుగుతుంది, 230 వోల్టులదై ఉంటే నేరుగా ప్లగ్గుకే. వైరింగ్ తెలిసినవాళ్లతో చేయించి, టేపు కాదు, డబ్బాలో బిగించండి. మోటారు కన్నా ముఖ్యం రాడ్డు అడ్డంగా సమంగా ఉండడం. బ్లాంకు ఒకవైపు సన్నం కాబట్టి బల్ల సమంగా ఉన్నా రాడ్డు వాలుతుంది. తాపీ మేస్త్రి రసమట్టం రాడ్డు మీదే పెట్టి చూసుకోండి. కొద్దిగా వాలినా పూత నిదానంగా ఒక కొనకు నడుస్తుంది, తెల్లారికి అక్కడ గడ్డ.

పూత తడిగా ఉండగా కరెంటు పోతే?

చేత్తో తిప్పాలి. వేరే దారి లేదు. మొదటి గంటలో ప్రతి అర నిమిషానికి పావు చుట్టు, తర్వాత నిమిషానికోసారి, రెండు గంటలు దాటాక ఐదు నిమిషాలకోసారి. ఒకసారి పెద్ద గాలివానకు సాయంత్రం కరెంటు పోయి రాత్రి దాకా రాలేదు. నేనూ మా బావమరిదీ సెల్‌ఫోను దీపం పెట్టుకుని వంతులవారీగా మూడు గంటలు తిప్పాం. ఆ రాడ్డు మీద ఒక్క జారుడు గీత లేదు, ఇప్పటికీ భీమిలిలో వాడుతున్నారు. ఇప్పుడు మోటారును ఇన్వర్టరు లైనుకు కలిపి ఉంచాను. కరెంటు వచ్చాక మోటారు ఇటు తిరగాల్సింది అటు తిరిగినా కంగారు పడకండి. ఆ రకం మోటార్లు ఎటు మొదలైతే అటు తిరుగుతాయి, పూతకు నష్టం లేదు.

చేతికి అంటితే ప్రమాదమా?

ఒకసారికి ఏమీ కాకపోవచ్చు. పదే పదే అంటితే చర్మం పడకుండా పోతుంది, ఆ తర్వాత కొద్దిగా తగిలినా దద్దుర్లు. ఒకసారి వచ్చిన ఆ అలర్జీ సాధారణంగా పోదు. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. అంటితే సబ్బు నీళ్లతో కడగండి. ఆల్కహాల్, అసిటోన్‌తో చర్మాన్ని తుడవకండి, అవి దాన్ని లోపలికి తీసుకెళ్తాయి.

## ఆరేటప్పుడు, ఆరాక

తెల్లారేసరికి పూత పాలలా తెల్లబడింది. రాడ్డు పోయినట్టేనా?

చాలాసార్లు పోదు. ముందు ఆ తెలుపు పైన ఉందా, లోపల ఉందా చూడండి. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఒకచోట రుద్దండి. చేతికి జిడ్డుగా, మైనంలా తగిలి, రుద్దినచోట తగ్గితే అది పైన పట్టిన పొర. హార్డెనర్‌లోని అమైన్లు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడుతో కలిసి అలాంటి జిడ్డు కడతాయి. అది నీళ్లకు కరుగుతుంది. ఆల్కహాల్ తుడిస్తే సరిగా పోదు, అటూ ఇటూ పులుముకుంటుంది. పూత గట్టిపడే దాకా ఆగి, గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెల సబ్బు, మెత్తటి స్క్రబ్బరుతో కడగండి. ఆరాక 600 నంబరు నీటి కాగితంతో మెరుపు తీసి, తేమ తక్కువ ఉన్న రోజు పలుచటి పూత ఇంకొకటి వేయండి. ఆ జిడ్డు కడగకుండా దాని మీదే ఇంకో పూత వేస్తే అది పొలుసుల్లా లేచిపోతుంది.

రుద్దినా కదలకపోతే తెలుపు లోపల ఉంది. దారంలో తడి మిగిలింది, లేదా గాలి ఇరుక్కుంది. దీనికి పైన ఎన్ని పూతలు వేసినా లాభం లేదు. నచ్చకపోతే అంతవరకు విప్పి మళ్లీ చుట్టాల్సిందే.

ఇంకో కారణం ఎవరికీ తట్టదు. 22 డిగ్రీల ఏసీ గదిలో రాత్రంతా ఉంచిన రాడ్డును తీసి హాల్లోకి తెచ్చి పూత వేస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబు మీద చెమట పట్టినట్టు రాడ్డు మీద కంటికి కనిపించని తడి పడుతుంది. పూత ఏ గదిలో వేస్తారో రాడ్డును ముందు రోజు నుంచీ ఆ గదిలోనే ఉంచండి.

రెండో పూత ఎప్పుడు? మధ్యలో రుద్దాలా?

మొదటిది వేలికి అంటకుండా, ఇంకా కొద్దిగా మెత్తగా ఉన్నప్పుడు, అంటే సుమారు 24 గంటల లోపు వేస్తే రుద్దనక్కర్లేదు. రెండు మూడు రోజులు దాటితే పైపైన రుద్ది మెరుపు తీసి, తుడిచి వేయాలి. దారం పోగు తెగేంత రుద్దవద్దు. మొదటి పొరలోంచి ఎక్కడైనా పోగు ముళ్లలా లేచి ఉంటే కొత్త బ్లేడుతో పడుకోబెట్టి చెక్కేయండి.

ఎప్పటి నుంచి చేపలు పట్టొచ్చు?

ఒక రోజుకు చేత్తో పట్టుకోవచ్చు, పూర్తిగా గట్టిపడడానికి వారం కావాలి. ఆ వారం గుడ్డ సంచిలో దోపకండి, నేత అచ్చు పూత మీద పడుతుంది. ఎండలో నిలిపిన కారులో అస్సలు వదలవద్దు. ఇలా గది వేడికి ఆరిన చాలా ఎపాక్సీలు 50, 60 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడతాయి. మే నెల మధ్యాహ్నం మూసిన కారు లోపల అంత వేడి సులువుగా వస్తుంది.

## లోపాలు కనిపిస్తే

పూతలో చిన్న చిన్న గుండ్రటి గుంటలు వస్తున్నాయి. సిరంజీ మంచిదే.

అయితే నూనె ఇంకెక్కడి నుంచో వస్తోంది. తలకు రాసుకున్న కొబ్బరి నూనె చేతికి అంటి ఉండొచ్చు. పక్క వంటింట్లో పూరీలు వేయిస్తే ఆ నూనె ఆవిరి గదంతా వాలుతుంది. సిలికాన్ ఉన్న కారు పాలిష్ స్ప్రేలు, కొన్ని క్రీములు కూడా కారణమే. గట్టిపడ్డాక 400 నంబరు కాగితంతో గుంటలు సమం చేసి, ఆల్కహాల్‌తో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడిచి మళ్లీ వేయండి.

రెండు రోజులైనా జిగురుగానే ఉంది.

కొలత తప్పింది, లేదా సరిగా కలపలేదు. కప్పు గోడలకు, పుల్లకు అంటుకున్నది కలవకుండా మిగిలి, ఆఖర్లో గీకి రాసినప్పుడు అక్కడే జిగురు మచ్చలు వస్తాయి. కొద్దిపాటి జిగురైతే సరిగా కలిపిన పలుచటి పూత పైన వేస్తే చాలావరకు కుదురుకుంటుంది. వేలికి తడిగా అంటుతుంటే ఆల్కహాల్‌తో తుడిచి తీసేయడమే. ఎండలో పెడితే ఆరుతుందని ఆశపడవద్దు, కలవనిది ఎన్నాళ్లకూ గట్టిపడదు.

మధ్యలో ఉబ్బి, బంతిలా వచ్చింది.

ఒకేసారి ఎక్కువ వేశారు. తడిగా ఉన్నప్పుడే మోటారు ఆపి ఒక నిమిషం ఆగండి. ఎక్కువైనదంతా కింది వైపు వేలాడుతుంది. పొడి బ్రష్‌తో దాన్ని మాత్రం ఎత్తేసి, సగం చుట్టు తిప్పి మళ్లీ చూడండి. రెండు మూడుసార్లకు సమం అవుతుంది.

గైడు పాదం దగ్గర సన్నటి పగులు. ప్రమాదమా?

రాడ్డు వంగేటప్పుడు లోహపు పాదం వంగదు, కాబట్టి ఆ కొన దగ్గర పూత చీలడం మామూలే. గైడు కదలకపోతే వెంటనే భయం లేదు. కానీ సముద్రంలో వాడే రాడ్డు అయితే ఆ గీతలోంచి ఉప్పునీరు దిగుతుంది. మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, కొద్దిగా వేడి చేసిన పలుచటి ఎపాక్సీ ఆ గీత మీద పెట్టండి. అదే లోపలికి పీల్చుకుంటుంది.

## వాడకంలో

రెండేళ్లకే పసుపు తిరిగింది. మోసపోయానా?

కాదు. ఎపాక్సీ ఎండలోని అతినీల కిరణాలకు పసుపెక్కుతుంది. ఆపే మందు కలిపిన రకాలు నిదానిస్తాయి, పూర్తిగా ఆపవు. తెలుపు, లేత నీలం దారాల మీద త్వరగా తెలుస్తుంది, ముదురు రంగుల మీద కనిపించదు. పాతబడిన సీసాలోని హార్డెనర్ తేనె రంగులోకి మారి ఉంటే దాన్ని తెల్ల అల్లిక మీద వాడవద్దు. రాడ్డును బాల్కనీలో నిలబెట్టే అలవాటు మానితే సగం సమస్య తీరుతుంది.

సముద్రం నుంచి వచ్చాక ఎలా కడగాలి?

మంచినీళ్లు, మెత్తటి గుడ్డ, గైడ్ల పాదాల దగ్గర కొద్దిగా ఎక్కువసేపు. నీడలో ఆరబెట్టండి. కిరోసిన్, థిన్నర్ వద్దు. సిలికాన్ ఉన్న పాలిష్ కూడా వద్దు, తర్వాత ఎప్పుడైనా పూత వేయాల్సి వస్తే అది పట్టనివ్వదు.

మా నాన్నగారి పాత ఫైబర్‌గ్లాస్ రాడ్డు ఉంది. పూత పగిలింది, అల్లిక మాత్రం బాగుంది. అంతా తీసి కొత్తగా చెయ్యాలా?

అల్లిక కదలకుండా ఉంటే దాన్ని విప్పవద్దు. వదులైన పూత పెచ్చులు గోటితో వచ్చినంతవరకు తీయండి. మిగిలినదాన్ని 400, తర్వాత 600 నంబరు నీటి కాగితంతో దారం తగిలేలోపే ఆపి రుద్దండి. కడిగి, రెండు మూడు రోజులు పొడి గదిలో ఆరనిచ్చి, పలుచటి పూతలు రెండు వేయండి. పగుళ్లలోకి కొత్త ఎపాక్సీ దిగగానే చాలా గీతలు కంటికి కనిపించకుండా పోతాయి.

వదులైన గైడు మాత్రం తీయాల్సిందే. హెయిర్ డ్రయ్యర్‌తో పూతను మెత్తబరచి, బ్లేడును గైడు పాదపు లోహం మీద మాత్రమే నడిపించండి. పక్కకు జారి బ్లాంకును గీరితే ఆ గీత దగ్గరే ఏదో ఒక రోజు రాడ్డు విరుగుతుంది. పాత దారం ఎన్ని చుట్లో, ఏ రంగు తర్వాత ఏ రంగో విప్పే ముందే ఫోటో తీసుకోండి. ఆయన వేసిన వరసలోనే మళ్లీ చుట్టండి.